ఏబేలు పార

కోటమ్మకు ఇప్పటికీ తెల్లవారుజామునే మెలకువ వస్తుంది. లేచి చింతపండు నానేస్తుంది. నానేశాక గుర్తొస్తుంది, ఇత్తడి సామాను తోమడానికి ఇప్పుడు బంగళా లేదని. ఆ చింతపండు కాస్తా చారులోకి పోతుంది. ఈ మధ్య ఆమె ఇంట్లో రోజూ చారే.

గిద్దలూరు నుంచి కొమరోలు పోయే దారిలో ఉండేది ఆ బంగళా. కట్టెల డిపో మీరావలి సాయిబుది. ఎక్కడ పాత ఇల్లు పడగొడుతున్నారన్నా జీపు వేసుకుని పోయేవాడాయన. హుక్కాలు, పన్నీరు బుడ్లు, గంటలు కొట్టే గడియారాలు, నిలువెత్తు దీపపు సెమ్మెలు, గ్రామఫోను బాకా, ఏది దొరికితే అది తెచ్చి బంగళా నింపాడు. ముప్పై ఒక్క ఏళ్లు లోపలంతా కోటమ్మ రాజ్యం. బయట తోట ఆమె మొగుడు ఏబేలుది.

అది పార దిగని రాళ్ల నేల. చెరువు ఎండినప్పుడల్లా ఏబేలు బండ్లతో ఒండ్రు తోలించి, మూరెడు మందాన పరిచి తోట చేశాడు. సపోటాలు, దానిమ్మలు, సన్నజాజి పందిరి, గేటు నుంచి మెట్లదాకా రెండు వరసల గులాబీలు. బస్సు డ్రైవర్లు కూడా ఆ గోడ దగ్గర కాస్త నిదానించేవాళ్లు.

మొగుడూ పెళ్లాలకు రోజూ ఒకటే పోట్లాట.

"ఎంత తోమినా నీ చెంబు పూత పూస్తాదా ఏందే?"

"నీ పువ్వు పొద్దుగూకేలోపల వాడిపోతాది. నా చెంబు నూరేళ్లు మెరుస్తాది, పో."

నిరుడు సాయిబు పోయాడు. బంగళా అమ్మేశారు. అయినా ఏబేలు నీళ్లు కట్టడం మానలేదు. ఒకరోజు గుండె పట్టేసిందంటూ వచ్చి, పారను గోడకు ఆనించి, "రేపు కడుగుతాలేమ్మే" అన్నాడు. పార కడగకుండా అతను పక్కన పెట్టింది ఆ ఒక్కరోజే. తెల్లారేసరికి మనిషి లేడు. నెలలోపల మిషన్లు వచ్చి ఇంటినీ తోటనూ చదును చేశాయి. ఇప్పుడక్కడ ప్లాటు రాళ్లు.

సాయిబు కూతురు జరీనా పాత సామానంతా మార్కాపురంలో ఒక కాలేజీకి ఇచ్చింది. వాళ్లు ఒక గది కేటాయించారు. తోమడానికి కోటమ్మనే పిలిపించింది. ఒక పగలంతా తోమితే గదిలో దీపం అక్కర్లేనంతగా మెరిశాయి. కోటమ్మ గోడలన్నీ కలయజూసింది.

"తోటది ఏమీ లేదా జరీనమ్మా?"

"బంగళా ఫోటోలో వెనకాల కొంచెం కనబడతాది అత్తా."

మర్నాడు కోటమ్మ గోనెపట్టా చుట్టిన పారతో బస్సెక్కింది.

"ఏందవ్వా, మార్కాపురంలో మట్టి పనికా?" అన్నాడు కండక్టరు.

"కాదు నాయనా. దీన్ని కాలేజీలో చేర్పిద్దామని."

బస్సంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది, మొగుడు పోయాక మొదటిసారి.

జరీనా గోనెపట్టా విప్పి పారను అటూ ఇటూ తిప్పి చూసింది. ఏబేలు చేతులు పడిన చోట కర్ర అరిగి నున్నగా ఉంది. హుక్కానూ గడియారాన్నీ చెరోపక్కకు జరిపించి, నడుమ నిలబెట్టించింది. చీటీ మీద తనే రాసింది: 'తోట చేసిన ఏబేలు పార'. కోటమ్మ ఆ అక్షరాలను కూడబలుక్కుని రెండుసార్లు చదివింది.

"అత్తా, ప్రిన్సిపాల్ సారు వచ్చే యాళయింది. ఆ మట్టి కాస్త కడిగేయరాదూ?"

"అది మీ గులాబీల మట్టిమ్మా. ఇంక యాడా లేదు."

కోటమ్మ పక్కనున్న హుక్కాను కొంగుతో ఇంకోసారి రుద్దింది. నిన్న తోమగా మిగిలిన చింతపండు నీళ్లు బయట పారబోసి, చేతులు తుడుచుకుంది. పారను మాత్రం ముట్టుకోలేదు.