పారిపోని మర్మట్

"ఆ కొవ్వు పాప ఛాతీకి కూడా రాశాం ఎజే! ఇప్పుడు దానికి ప్లేగు వస్తుందా?"

ఫోన్లో జిబెక్ మొదటి మాటే అది. తన పేరు చెప్పడం కూడా మరిచిపోయింది. జీవశాస్త్రం చదివి, ప్లేగు ఎలా పాకుతుందో బడిపిల్లలకు బొమ్మ గీసి చెప్పిన మనిషి. అయినా పాప దగ్గుకు మర్మట్ కొవ్వు, అంటే బొరియల్లో ఉండే ఆ పెద్ద ఉడుతలాంటి జంతువు కొవ్వు, రాస్తానన్న అత్తగారికి అడ్డు చెప్పలేకపోయింది.

అవతల తుర్సునై, కొండ మీద అందరికీ ఎజే, అంటే అక్క. ముప్పై వేసవులుగా ప్లేగు కేంద్రం జీపులో వచ్చి, బొరియల దగ్గర బోనులు పెట్టి, మర్మట్ల బొచ్చు దువ్వి అందులోని ప్లేగు మోసే పురుగుల్ని సీసాల్లోకి ఎత్తుతోంది. మర్మట్లను వేటాడవద్దని ఏటా ప్రతి గుడారంలోనూ చెబుతుంది. అందరూ తలూపుతారు, పులిసిన గుర్రం పాలు పోస్తారు, జీపు మలుపు తిరగగానే తుపాకీ తీస్తారు.

రెండు గంటల్లో వచ్చింది. గుడారం ముందు తోలు ఆరేసి ఉంది.

"ఎలా పట్టావు తమ్ముడూ?" అని జిబెక్ భర్త ఎర్మెక్‌ని అడిగింది.

"తుపాకీ కూడా అక్కర్లేకపోయింది ఎజే! బొరియ ముందే కూర్చునుంది. కర్రతో ఒక్కటిచ్చా. కదిలితే ఒట్టు. అదృష్టం!"

తుర్సునై నెత్తి పట్టుకుంది. "అదృష్టమా? మనిషి అల్లంత దూరాన కనిపిస్తేనే ఈల వేసి బొరియలోకి దూకే జంతువు, నీకోసం కూర్చుందా? జబ్బు చేసి కూర్చుందిరా బాబూ! ఈ ముప్పై ఏళ్ళూ మీ గుర్రాలకు చెప్పినా ఈపాటికి నేర్చుకునేవి."

"కొవ్వు బాగా కాచాను కదే," అంది అత్తగారు.

"కొవ్వు కాచావు పెద్దమ్మా, తోలు కాచావా? నీ కొడుకు ఒలిచిన చేతుల్తోనే మనవరాల్ని ఎత్తుకున్నాడు!"

తుర్సునై తొడుగులు వేసుకుని తోలునీ మిగిలిన మాంసాన్నీ పరీక్షకు డబ్బాలో బిగించింది. నలుగురి చంకలూ గజ్జలూ తడిమి, గడ్డల్లేవంది. వారం రోజుల మందిచ్చి, తను చెప్పేదాకా ఎవరూ కొండ దిగకూడదంది.

మూడో రోజు ఫోన్ వచ్చింది. మర్మట్‌కు ప్లేగే. ఆ మిగతా రోజుల్లో జిబెక్ పాప చంకలో థర్మామీటర్ పెట్టని గంట లేదు. పాపకు జ్వరం రాలేదు.

పదో రోజున తుర్సునై మళ్ళీ అందరినీ తడిమి చూసి, ఇక కొండ దిగొచ్చంది. జిబెక్ ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది.

"ఏడుపు తర్వాత. అత్తగారి ముందు మొహమాటపడి నోరు మూసుకున్నావు చూడు, అది మానుకో. ఈసారి ఏదైనా రాసే ముందు ఫోన్ చెయ్యి, రాశాక కాదు."

ఇప్పుడు పాప తుమ్మినా జిబెక్ ముందు ఫోనే తీస్తుంది. అత్తగారు పక్కనే మూతి ముడుచుకుని కూర్చున్నా సరే.