అమ్మ తిట్టిన రెండు నిమిషాలు

మా అమ్మ పాటలు పాడేది కాదు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. చనిపోయిన అమ్మ గొంతు క్యాసెట్టులో ఉండేదంటే జనం ఏ మంగళహారతో, లాలిపాటో అనుకుంటారు. మా దగ్గర ఉన్నవి తిట్లు. మహా అయితే రెండు నిమిషాలు. అందులో సగం మా నాయనకు, మిగతా సగం మజ్జిగ పోసే ఆమెకు.

నాయన ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాడు. ఇంటి ముందు పందిరి, పందిరి కింద రాళ్లు, రాళ్ల మధ్య ఆయన. పొద్దున మొదలైన ఉలి చప్పుడు పొద్దు వాలేదాకా ఆగేది కాదు. ముప్పై ఏళ్లు ఆ చప్పుడు పక్కనే కూర్చున్నందుకు ఆయనకు చెవులు మందగించాయి. అమ్మ అన్నానికి పిలిస్తే వినపడేది కాదు. వినపడిన రోజున కూడా వచ్చేవాడు కాదు. ముక్కు చెక్కుతుంటే ముక్కు పూర్తి కావాలి, వేళ్లు తీస్తుంటే ఐదు వేళ్లూ తేలాలి. ఈలోపు అమ్మకు ఒళ్లు మండిపోయేది. మా ఇంట్లో మధ్యాహ్నం అయిందని గడియారం చూసి తెలుసుకోవాల్సిన పని లేదు.

ఎనభైలు మొదలైన కొత్తలో అమ్మ తమ్ముడు, అంటే మా మామ, మద్రాసు పోయి టేపురికార్డరు తెచ్చాడు. అది ఎలా పనిచేస్తుందో చూపిస్తానని ఒక ఖాళీ క్యాసెట్టు పెట్టి, రెండు మీటలు ఒకేసారి నొక్కి, వంటింటి గడప మీద ఉంచాడు. అమ్మకు చెప్పలేదు. ఆమె మామూలుగానే కేకలేసింది.

"ఏమయా, సంగటి సల్లారిపోతాంది. ఆ రాయి యాడికీ లేసిపోదులే, నువ్వు లేసి రా. కొట్టేది నువ్వు, చెవుడొచ్చేది నాకా?"

అంతలో మజ్జిగ పోసే ఆమె వచ్చింది. ఇక ఆమె మీద పడింది. "మజ్జిగేనా ఇది? వక్కిలేట్లో ముంచుకొచ్చినావా?" మా ఊరి పక్కన పారే వక్కిలేరు పేరు ఎత్తేసరికి ఆ వాదన కొంచెం సేపు సాగింది. తర్వాత గడప మీద తిరుగుతున్న చక్రాలు అమ్మ కంట్లో పడ్డాయి. "ఏందీ, అది తిరుగుతాండాదా? ఆపు రా, ఆపు!" అని నవ్వింది. అక్కడితో అయిపోయింది. మామ ఆ సెట్టు మాకే ఇచ్చేసి వెళ్లిపోయాడు. మేం దాంట్లో సినిమా పాటలు వినేవాళ్లం. ఆ క్యాసెట్టు ఎక్కడో అరలో పడి ఉండేది.

మరుసటి ఏడు అమ్మకు కామెర్లు వచ్చాయి. ముందు ఆకుమందు అన్నారు, తర్వాత నంద్యాల ఆసుపత్రి అన్నారు. మూడు వారాలు తిరక్కముందే అయిపోయింది. ఫోటో ఒకటి ఉంది గానీ, స్టూడియోలో భయపడి బిగుసుకుపోయి కూర్చున్న ఆ మనిషి మా అమ్మలా ఉండదు.

నెల దాటాక, ఒక మధ్యాహ్నం పాటల క్యాసెట్టు అనుకుని చూసుకోకుండా, గొంతు బాగా పెంచి దాన్ని పెట్టాను. వంటింట్లో అమ్మ కేకేసింది. బయట ఉలి చప్పుడు ఆగింది. నాయన రాతిదుమ్ముతోనే లోపలికొచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. పిలిచిన వెంటనే ఆయన లేచి రావడం నేను చూడటం అదే మొదటిసారి. ఆ రోజు ఆయన మీద నాకు జాలి కన్నా కోపం ఎక్కువ కలిగింది. ఆమె బతికుండగా ఒక్కరోజు ఇలా వచ్చి ఉంటే ఏం పోయేది అనిపించింది.

అప్పటినుంచి అది రోజూ జరిగే పని అయింది. నేను పళ్లెం పెట్టి మీట నొక్కాలి. అమ్మ తిట్టాలి. అప్పుడే నాయన వచ్చేవాడు, చేతులు కడుక్కుని కూర్చునేవాడు. చెవులు సరిగా లేవు కాబట్టి గొంతు పూర్తిగా పెంచేవాళ్లం. వీధంతా వినపడేది. పక్కింటి వదిన గోడమీదుగా, "అత్త పిలుస్తాంది, పో మామా" అని నాయనను ఆటపట్టించేది. మజ్జిగ పోసే ఆమె మాత్రం ఒకసారి విని, ఏడ్చి, తనను తిట్టే ముక్క ఇంకోసారి వేయమని అడిగింది.

రోజూ తిప్పితే ఏ యంత్రమైనా ఎన్నాళ్లుంటుంది? ఆరు నెలలకు టేపు లోపల చుట్టుకుపోయింది. మూత తీస్తే నలిగిన టేపు పేగుల్లా బయటికొచ్చింది. దాన్ని లాగకుండా, సెట్టును అలాగే తువ్వాలలో చుట్టుకుని నేనూ నాయనా నంద్యాల బస్సెక్కాం. దారి పొడవునా నాయన దాన్ని ఒళ్లోనే పెట్టుకున్నాడు. గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా రెండు చేతులతో పైకి ఎత్తిపట్టుకునేవాడు.

నంద్యాలలో రేడియోలు బాగుచేసే ఒక సాయబు ఉండేవాడు. పెద్దాయన, ఓపిక గలవాడు. టేపును అగ్గిపుల్లతో మెల్లగా విడదీశాడు. సాగిపోయిన బెల్టు మార్చాడు. కానీ మొదట్లో ఒక బెత్తెడు టేపు ముద్దయిపోయింది, దాన్ని కత్తిరించి అతికించక తప్పలేదు. అతికించాక వేసి చూస్తే "సంగటి సల్లారిపోతాంది" దగ్గర మొదలైంది.

"పిలుపు పోయింది" అన్నాడు నాయన.

సాయబుకు అర్థం కాలేదు. నాయనను రోజూ అన్నానికి లేపే "ఏమయా" అదేనని నేను చెప్పాను. ఆయన క్యాసెట్టు వెనక అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ ముక్కను స్క్రూడ్రైవరుతో విరిచేశాడు.

"ఇంగ దీనిమింద ఎవరు ఏ మీట నొక్కినా కొత్తది ఎక్కదమ్మా. భయం లేదు, మీయమ్మ మాట పోదు" అన్నాడు.

ఆ మాటను నేను పూర్తిగా నమ్మాను. ఇక దానికి ఏమీ కాదనుకున్నాను.

మేం లేచేటప్పుడు నాయన కళ్లు సాయబు బల్ల మీదున్న ఒక నల్లటి చక్రం మీద పడ్డాయి. చిరిగిన స్పీకరులోంచి తీసిన అయస్కాంతం అది. సాయబు దాంతో కిందపడ్డ మరలు ఏరుకుంటున్నాడు. మా పందిరి కింద ఉలి మొనలు విరిగి రాతిపొడిలో కలిసిపోయి కాళ్లలో గుచ్చుకునేవి. "ఇదుంటే నాకు పనికొస్తాది గదన్నా" అన్నాడు నాయన. సాయబు సంతోషంగా ఇచ్చేశాడు. ఆ రోజు నుంచి నాయన సాయంత్రం పని ముగించగానే ఆ అయస్కాంతాన్ని పొడిలో తిప్పి ఇనప ముక్కలు ఏరేవాడు. అది కూడా మా ఇంట్లో ఒక పనిముట్టయింది.

తర్వాత దసరా వచ్చింది. మాకు ఆయుధపూజ అంటే మిగతా పండగల్లాంటిది కాదు. ఏడాదంతా మనకు అన్నం పెట్టిన వాటికి ఆ ఒక్కరోజు మనం మొక్కాలి. ఉలులు, సుత్తెలు, కొలబద్ద, వృత్తలేఖిని అన్నీ కడిగి, ఎర్రగుడ్డ పరిచి వరసగా పెట్టేవాళ్లం. ఇంట్లో పనిచేసే వస్తువు ఏదైనా అందులోకి రావాల్సిందే. నేను నంద్యాలలో టైపు నేర్చుకుంటున్నానని నా టైపు పుస్తకం కూడా పెట్టించాడు నాయన. టేపురికార్డరు పెట్టాం. అప్పుడాయన, "మీయమ్మది గూడా పెట్టు పాపా" అన్నాడు.

క్యాసెట్టుకు పసుపు రాశాను, కుంకుమ పెట్టాను. సుత్తె పిడికి ఆనించి నిలబెడితే జారిపోతోంది. పడుకోబెట్టి పైన పువ్వు పెడితే పువ్వు గాలికి ఎగిరిపోతోంది. బరువుకు ఏదైనా ఉంటే బాగుండునని చూస్తే అయస్కాంతం కనపడింది. దానికీ బొట్టు పెట్టాను. పువ్వును దాని నడిమి రంధ్రంలో గుచ్చి, క్యాసెట్టు మీద ఉంచాను. చాలా ముచ్చటగా ఉంది. పక్కింటి వదినను పిలిచి మరీ చూపించాను.

పూజ చేసిన పనిముట్టును మరునాడు విజయదశమికి మళ్లీ హారతిచ్చి కదిలించేదాకా ముట్టుకోకూడదు. ఆ మధ్యాహ్నం నాయన పళ్లెం ముందు కూర్చుని క్యాసెట్టు వైపు చూశాడు. "ఒక్కసారి పెట్టి మళ్లా ఆడనే పెడదామా?" అన్నాడు చిన్నగా. నేను ఊరుకోలేదు. "తాకగూడదు నాయనా, నువ్వే గదా నేర్పింది" అని గదమాయించాను. ఆయన తల ఊపి తిన్నాడు. అప్పుడే తీసి ఉంటే కొంతైనా మిగిలేదేమో. ఈ ఆలోచన నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మరునాడు హారతి ఇచ్చాక మీట నొక్కితే గాలి హోరు వినిపించింది. ఆ హోరు వెనక ఎక్కడో ఎవరో గొణిగినట్టుంది, మళ్లీ హోరు. సెట్టు చెడిపోయిందనుకున్నాం. సోమవారం టైపు క్లాసుకు పోతూ నేనొక్కదాన్నే దాన్ని సాయబు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఇంకో క్యాసెట్టు పెట్టాడు. పాట చక్కగా పాడింది. మాది పెట్టాడు. హోరు. క్యాసెట్టును చేతిలోకి తీసుకుని, దాని మీద గుండ్రంగా అంటుకున్న పసుపు మరకను చూశాడు.

"దీనిమింద ఏం పెట్టినారమ్మా?"

చెప్పాను.

"నేనిచ్చిందే గదా అది" అన్నాడు. "మీటలతో పోదని చెప్పినా గానీ, అయస్కాంతం దగ్గిరికి తెస్తే మాట చెరిగిపోతాదని చెప్పకపోతి. నా తప్పమ్మా ఇది."

తప్పు ఆయనది కాదని అనాలి. కానీ నాకు ఏడుపు వచ్చింది, అనలేదు. ఆ మాట ఆ రోజు అననందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

సెట్టును సాయబు దగ్గరే వదిలి, ఇంటికొచ్చి నాయనతో అబద్ధం చెప్పాను. సెట్టులో ఏదో పార్టు పోయిందనీ, అది మద్రాసు నుంచి రావాలనీ, క్యాసెట్టు కూడా సాయబు దగ్గరే ఉందనీ చెప్పాను. అది నా టైపు పుస్తకాల సంచిలోనే ఉంది. రెండు నెలలు ఆయన అడుగుతూనే ఉన్నాడు, నేను చెబుతూనే ఉన్నాను. మధ్యాహ్నం పళ్లెం పెట్టి వాకిట్లోకొచ్చి పిలిస్తే వచ్చేవాడు గానీ, సగం తిని లేచిపోయేవాడు.

ఒకరోజు రాయి చూడాలంటూ ఆయనొక్కడే బస్సెక్కి పోయాడు. పొద్దు వాలేటప్పటికి టేపురికార్డరును తువ్వాలలో చుట్టుకుని తిరిగొచ్చాడు. ఆయన దాన్ని అరలో పెట్టాడు, కాళ్లు కడుక్కున్నాడు, నా వైపు చూడకుండా అన్నాడు.

"సాయబును అడిగినా. ఆ పార్టు ఇంకా మద్రాసు నుంచి రాలేదంట. వచ్చేదాకా ఇంట్లోనే పెట్టుకోమన్న్యాడు."

మద్రాసూ లేదు, పార్టూ లేదు. రెండూ నేను కల్పించినవే. నా అబద్ధాన్నే ఆయన తిరిగి నాకు అప్పజెప్పాడు. నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టే మనిషిని నేనే చెరిపేశాను కదా.

తర్వాత ఎప్పుడూ ఆయన పార్టు గురించి అడగలేదు. కొన్నాళ్లకు అన్నం ముందు కూర్చుని, "ఆ మాటలు నువ్వు ఒకసారి అను పాపా" అన్నాడు. "ఏమయా" అన్న పిలుపు ఎలాగూ క్యాసెట్టులోంచి ముందే పోయింది, కూతురు తండ్రిని అలా పిలవనూ కూడదు. సంగటి దగ్గర మొదలుపెట్టి అన్నాను. "కాదు, రాయి యాడికీ పోదని ముందే అనింది" అన్నాడు ఆయన. లేదు, సంగటి మాటే ముందు అని నేను. "బేగా రా" అనిందని ఆయన, "లేసి రా" అనిందని నేను. నిజంగా పోట్లాడుకున్నాం. అంతకుముందు ఇలాంటి తగాదా వస్తే మీట నొక్కి తేల్చుకునేవాళ్లం. మొదట్లో నేను రాసిన అమ్మ మాటలు కూడా నా లెక్క ప్రకారం రాసినవే. నాయన రాసి ఉంటే వేరుగా ఉండేవి.

కానీ ఆ తగాదాలే మాకు మంచి కాలం. ఆయన కాదన్నప్పుడల్లా అమ్మ మాట అసలుది ఒకటి ఆయన దగ్గర భద్రంగా ఉన్నట్టు నాకు ధైర్యంగా ఉండేది. ఏళ్లు గడిచేకొద్దీ ఆయన కాదనడం తగ్గింది. నాకు నంద్యాలలో పెళ్లయింది. నెలకోసారి ఆళ్లగడ్డ వచ్చేదాన్ని. ఆయన చేతులు వణికి పని మానేశాడు. చెవులు దాదాపు పోయాయి.

అలా వచ్చిన ఒక మధ్యాహ్నం, ఆయన పందిరి కింద ఊరికే కూర్చుని ఉన్నాడు. నాకు బస్సుకు వేళవుతోంది. తొందరలో అమ్మ సంగతేమీ తలచుకోకుండా గడపలోంచి గట్టిగా అరిచాను.

"నాయనా, అన్నం పెట్టినా. ఎంతసేపు కూచుంటావ్ ఆడ? రా ఇంగ!"

ఆయన తల తిప్పి చూశాడు. ముఖమంతా వెలిగింది. గోడ పట్టుకుని లేచి వచ్చాడు.

"అదే పాపా, అచ్చం అదే మాట" అన్నాడు. "మీయమ్మ అట్లనే అనేది."

అమ్మ అలా అనలేదు. అందులో సంగటి లేదు, రాయి లేదు, ఒక్క ముక్క కూడా ఆమెది కాదు. కాదని చెప్పబోయి నోరు తెరిచాను. మరి ఎట్లనేది అని ఆయన తిరిగి అడిగితే చెప్పగలనా అని వెతుక్కున్నాను. మాటలు గుర్తున్నాయి గానీ అవి అమ్మ గొంతులో వినపడలేదు; అప్పటికి నా దగ్గరా నా గొంతు తప్ప ఇంకేమీ దొరకలేదు. ఔను నాయనా అన్నాను. ఆయన కూర్చుని, చాలా రోజుల తర్వాత, పళ్లెంలో ఉన్నదంతా తిన్నాడు.