బొట్టు పెట్టిన డిస్కు

నా కొత్త ల్యాప్‌టాప్‌లో డిస్కు పెట్టే చోటే లేదు. డిస్కులో ఉన్న అక్క పెళ్లి వీడియో చూడాలని రాయచూరు బజారులో విడిగా తగిలించుకునే డ్రైవు కొన్నాను.

"గిప్పుడు అంత ఆన్‌లైన్లనే గద, గిదెందుకన్నా?" అన్నాడు దుకాణదారు. అమ్మేవాడికెందుకో ఆ ఆరా.

ఇంట్లో డిస్కు పెడితే డ్రైవు కాసేపు గరగరలాడి ఊరుకుంది. తీసి చూస్తే మెరిసే వైపంతా పసుపు, కుంకుమ. ఏటా ఆయుధ పూజకు అమ్మ పెట్టినవే.

"రాతలున్న దిక్కు పెట్టొద్దా అమ్మా?"

"అద్దం లెక్క ఉంటే గదే ముఖమనుకున్న."

తుడిస్తే గీతలు పడి డిస్కు ఇక ఆడనే లేదు. అక్కకు చెబితే వీడియో తన దగ్గర ఆన్‌లైన్‌లో ఉందని లింకు పంపింది. అమ్మ నా ఫోన్‌లో పెళ్లంతా చూసింది.

"మంచిగుంది. మరి దసరాకు గీ ఆన్‌లైన్ వీడియోకు బొట్టు యాడ పెట్టాలె?"