మా తమ్ముడి పెట్రోలు డబ్బాలు, మా మరదలి ముక్కు

మా తమ్ముణ్ణి ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలవరు. డబ్బాలాయన అంటారు. వాడికి ఏరి ఏరి పేరు పెట్టింది నేనే. అయినా ఏం లాభం, విసుగొస్తే నేను కూడా "ఏరా డబ్బా" అనే అనేదాన్ని. ఉలకడు, పలకడు. చిన్నప్పట్నించీ అంతే. తిట్టినా నవ్వేవాడు, మెచ్చుకున్నా నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. అమ్మా నాన్నా పోయాక వాణ్ణి పెంచింది నేను, కాబట్టి వాణ్ణి తిట్టే హక్కు నాకు తప్ప ఇంకెవరికీ లేదు. ఈ మాట ముందే చెప్తున్నాను.

వాడి పనేంటో చెప్పాలి. మా ఊరు దాటితే ఎటు చూసినా ఖాళీ నేల. రోజులకి రోజులు బండిలో వెళ్ళినా ఒక ఊరు తగలదు, ఒక బంకు తగలదు. డబ్బున్నవాళ్ళకి ఇంట్లో కాలు నిలవదు కదా! జీపులేసుకుని ఆ నేలంతా దాటుతారు. రాళ్ళ మధ్య టెంట్లేసుకుని, వీపులు నొప్పులు పుట్టేలా పడుకుని, అదేదో ఘనకార్యంలా ఫొటోలు దిగి వస్తారు. వాళ్ళని తీసుకెళ్ళే ఓనరు మా వీధి చివరే ఉంటాడు. ముందు గైడు జీపు, మధ్యలో వచ్చినవాళ్ళ జీపులు, అన్నిటికంటే వెనక మా వాడి వ్యాను. దారి పొడుగునా అందరికీ కావాల్సిన పెట్రోలూ డీజిలూ ఇనప డబ్బాల్లో పోసి, ఆ వ్యాను పైనా వెనకా కట్టి తీసుకెళ్తాడు. ముందువాళ్ళు రేపిన దుమ్మంతా తినేది వెనకవాడే. అందుకే ఏ డ్రైవరూ ఆ వ్యాను ముట్టుకోడు. మా వాడు మాత్రం మెకానిక్ షెడ్డులో హాయిగా ఉన్న పని మానేసి, కావాలని వెళ్ళి ఎక్కాడు.

ఎక్కాక వాడికి డబ్బాలే లోకమైపోయాయి. డబ్బాని ఎప్పుడూ నేల మీద పెట్టే నింపాలట, బండిలో ఉంచి నింపితే నిప్పురవ్వ పుడుతుందట. అంచుదాకా పోయకూడదట, ఎండకి లోపలిది ఉబ్బుతుందట. మూత కింద రబ్బరు వాషరు ఎండిపోయిందేమో గోటితో నొక్కి చూడాలట. ఇవన్నీ నాకెందుకురా అన్నా వినడు, చెప్తూనే ఉంటాడు. మా ఇంటికొస్తే పంచదార డబ్బా మూత కూడా తీసి, తిప్పి, మళ్ళీ పెట్టి, నొక్కి చూసేవాడు. "ఒరేయ్, అది నా వంటిల్లు, నీ వ్యాను కాదు" అంటే నవ్వేవాడు.

అన్నిటికంటే పెద్ద నియమం ఇంకోటుంది. ఎర్ర డబ్బా పెట్రోలు, పసుపు డబ్బా డీజిలు. అయితే ఆ ఎండకీ రాపిడికీ రంగులు నిలుస్తాయా? పైగా వచ్చినవాళ్ళు మిగిలిన పెట్రోలో డీజిలో ఏ డబ్బా దొరికితే అందులో పోసేస్తారు. అందుకని జీపులో పోసేముందు ప్రతిసారీ మూత తీసి వాసన చూడాల్సిందే. రంగు చూసి పోసేవాణ్ణి ఆ పనిలో ఎవరూ మనిషిగా లెక్కెయ్యరు. పెట్రోలు జీపులో డీజిలు పడితే అది అక్కడే కూలబడుతుంది. ఆ ఖాళీలో కూలబడితే అడిగే నాథుడుండడు.

అలాంటి పని చేసేవాడికి ముక్కు పోయింది. ఒక ట్రిప్పు నించి వచ్చి పెద్ద జ్వరం పడ్డాడు. జ్వరం తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. వాడు ఎవరికీ చెప్పలేదు. నాకు ఎలా తెలిసిందంటే, ఒకరోజు వాళ్ళింటికి వెళ్ళాను. మెట్లెక్కుతుండగానే మాడిన పాల కంపు. లోపలికి పరిగెత్తి చూద్దును కదా, పొయ్యి మీద గిన్నె నల్లగా అయిపోయింది, దాని పక్కనే స్టూలు మీద కూర్చుని మా వాడు తాపీగా రబ్బరు ముక్క కోసి వాషర్లు చేసుకుంటున్నాడు.

"ఒరేయ్, ముక్కా, గోడకి కొట్టిన మేకా అది?" అని అరిచాను.

వాడు గిన్నె వంక చూశాడు, నా వంక చూశాడు. మొదటిసారి వాడి మొహంలో నవ్వు లేదు.

మా మరదలు తడి జుట్టుతో పరిగెత్తుకొచ్చి నన్ను గదిలోకి లాక్కెళ్ళింది. పిట్టంత మనిషి, మా వీధిలో అందరూ పిట్ట అనే పిలుస్తారు. పిట్టే కానీ గుండె మాత్రం చాలా పెద్దది.

"వదినా, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఎవరికీ చెప్పకండి" అంది.

"చెప్పక? వాసన చూడకుండా డబ్బాలెలా పోస్తున్నాడే?"

"నేను చూస్తున్నాను" అంది.

అప్పుడు వెలిగింది నాకు. అంతకుముందు ఏడాది నించీ వంట చేస్తానని చెప్పి ఈ పిల్ల ప్రతి ట్రిప్పుకీ వెళ్తోంది. మొగుణ్ణి వదిలి ఉండలేకపోతోందని నేను వేళాకోళం కూడా చేశాను. అసలు సంగతి ఇదీ. వాడు మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసినట్టు నటిస్తాడు. ఈమె గిన్నెలు కడుగుతున్నట్టు పక్కనే ఉండి, వంగి వాసన పట్టి, పెట్రోలైతే దగ్గుతుంది, డీజిలైతే ఊరుకుంటుంది. పాపం ఆ దగ్గు చూసి ఎవరో పెద్దావిడ ట్రిప్పంతా వెంటపడి దగ్గు మందు తాగించిందట. అది చెప్తూ పిట్ట పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ పిల్ల కళ్ళ కింద నలుపు చూస్తున్నాను నేను. ఎప్పుడు చూసినా తలకి గుడ్డ కట్టుకుని, తలనొప్పి అంటుండేది.

ఆరోజు నెత్తీ నోరూ బాదుకున్నాను. "షెడ్డుకి వెళ్ళు, టాక్సీ తోలుకో, ఇంట్లో కూర్చో, నేను పోషిస్తాను, నా కుట్టుమిషను తిరుగుతూనే ఉందిగా. ఈ పిల్లని పెట్రోలు పొగలో పడేసి దాని ఆయుష్షు తింటావా?" అన్నాను.

వాడు తలొంచుకుని విన్నాడు. అంతా అయ్యాక, "అక్కా, అక్కడ జీపులో పెట్రోలు ముల్లు కిందికి దిగగానే అందరూ వెనక్కి తిరిగి నా వ్యాను కోసమే చూస్తారు. ఈ వీధిలో నా కోసం ఎవరు చూస్తారు?" అన్నాడు.

వాడు అంత పొడుగు మాట మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. వాడి మాట నిజమని తోచిన కొద్దీ నాకు కోపం ఇంకా ఎక్కువైంది. చెప్పులేసుకుని నేరుగా ఓనరు దగ్గరికి వెళ్ళాను. ఉన్నదున్నట్టు చెప్పేశాను. "వాడికి వాసన తెలియదు, మీ జీపులు నడి దారిలో కూలబడతాయి, వాణ్ణి మాన్పించండి" అన్నాను.

ఆ మహానుభావుడు ఫోను చూసుకుంటూనే, "తెలుసమ్మా. ఆ అమ్మాయి ఉంది కదా" అన్నాడు. ఒక జీతానికి ఇద్దరు మనుషులు దొరికారు, వాడికేం నొప్పి!

నేను వెళ్ళి చెప్పినట్టు తెలిసి మా తమ్ముడు నాతో మాట్లాడటం మానేశాడు. ఎదురుపడితే పక్క వీధిలోకి తిరిగేవాడు. పిట్ట మాత్రం వాడికి తెలియకుండా వచ్చేది. నా మిషను పక్కన కూర్చుని, గుడ్డ ముక్కలు మడతపెడుతూ, "ఈ సీజను అయిపోతే మానిపించేస్తాను వదినా, నాకు మాటిచ్చారు" అనేది. "మీ ఆయన మాట నమ్మినదానివి నువ్వొక్కదానివే" అనేదాన్ని. "ఆయనకి ఆ ఒక్కటే ఉంది వదినా" అనేది. ఒకసారి వచ్చి, అలా కూర్చునే నిద్రపోయింది. లేపబుద్ధి కాలేదు.

ఆ సీజను చివరి ట్రిప్పులో జరిగింది ఇది. నేను చూడలేదు. గైడు చెప్పింది కొంత, మా వాడి నోట్లోంచి ముక్కలు ముక్కలుగా వచ్చింది కొంత.

బయల్దేరిన రెండోనాడే పిట్టకి ఒళ్ళు వెచ్చబడింది. జలుబు చేసి ముక్కు మూసుకుపోయింది. ఆ సంగతి గైడుతో అందట కానీ మొగుడికి చెప్పలేదు, చెప్తే వాడు భయపడతాడని. అదృష్టం బాగుండి ఆ రోజు డబ్బాలు విప్పాల్సిన పని పడలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్కసారిగా దుమ్ముగాలి లేచింది. టెంట్లు ఎగిరిపోతున్నాయి. జ్వరంతో వణుకుతున్న పెళ్ళాన్ని మా వాడు ఎత్తుకెళ్ళి వ్యాను వెనక సీట్లో పడుకోబెట్టాడు. అంతకంటే మంచి చోటు అక్కడ ఇంకోటి లేదు. తర్వాత గైడుతో కలిసి టెంట్లు పట్టుకోవటానికి పరిగెత్తాడు.

ఈలోపు వచ్చినవాళ్ళలో ఎవరికో సాయం చేద్దామని బుద్ధి పుట్టింది. గాలికి పైనున్న డబ్బాలు పడిపోతాయని వాటిని విప్పి వ్యాను లోపలికి అందించారు. పాపం మంచి మనసే. ఆ మంచి మనసుని తగలెయ్య! ఒక డబ్బాకి చోటు లేక, పడుకున్న మనిషిని లేపకుండా, సీటు కిందికి అడ్డంగా దొర్లించారు. దాని మూత కింది వాషరులోంచి పెట్రోలు కారటం మొదలుపెట్టింది. కారిందంతా కింద పరిచిన గోనెపట్టా తాగేసింది.

మా తమ్ముడు మధ్యలో వచ్చి తలుపు తీశాడు. డబ్బాలు లోపలుండటం చూశాడు. కనబడ్డ మూతలన్నీ చేత్తో తడిమాడు, అన్నీ పొడిగానే ఉన్నాయి. లోపలికి తల పెట్టి పెళ్ళాం నుదురు మీద చెయ్యి వేశాడు.

"ఎలా ఉందే?" అన్నాడు.

"తల తిరుగుతోందండీ. నిద్రొస్తోంది" అంది.

జ్వరం కదా, అనుకున్నాడు. దుప్పటి సర్దాడు. దుమ్ము లోపలికి వస్తోందని అద్దం సందుల్లో గుడ్డలు కుక్కాడు. తలుపు గట్టిగా లాగి, పడిందో లేదో నొక్కి చూసి వెళ్ళాడు. కాసేపటికి మళ్ళీ వచ్చి చూశాడు. కదలకుండా పడుకుని ఉంది. పోనీలే, కళ్ళు మూత పడ్డాయి అని సంతోషించి, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.

గాలి తగ్గాక టీ గిన్నె కోసం గైడు ఆ తలుపు తీశాడు. తీసినవాడు తీసినట్టే వెనక్కి పడ్డాడు. అంత ఘాటట. పిట్టని బయటికి లాగి, నోట్లో గాలి ఊది, మొహం మీద నీళ్ళు కొట్టి, ఏమేమి చెయ్యాలో అన్నీ చేశారట. ఆ పిల్ల లేవలేదు.

ఎవరూ మా వాణ్ణి ఒక్క మాట అనలేదు. అదే నాకు భరించరానిది. అందరూ వచ్చి భుజం మీద చెయ్యేసి, నీ తప్పేం లేదయ్యా అని వెళ్ళిపోయారు. ఓనరు ఒకరోజు మొహం వేలాడేసుకుని వచ్చాడు, పోతూ పోతూ వ్యాను తాళాలు అడిగి తీసుకెళ్ళాడు. ఆ వ్యానుని ఇప్పుడు ఇంకెవడో తోలుతున్నాడు. ముల్లు దిగితే వాళ్ళిప్పుడు వాడి కోసం చూస్తారు కాబోలు.

నేను రోజూ మిషను కట్టేసి వాళ్ళింటికి వెళ్తున్నాను. వండుతాను. పెడతాను. రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంటాడు. ఆ నవ్వుతో నన్ను ఏడిపించిన వెధవ, ఇప్పుడు ఒక్కసారి నవ్వితే చాలని దేవుడికి మొక్కుకుంటున్నాను. తిడదామని ఎన్నిసార్లో నోరు తెరిచాను. తెరిచి, "ఇంకో ముద్ద తినరా" అనే అన్నాను.

నిన్న మధ్యాహ్నం అంట్లు తోముతుంటే వెనక నించి "అక్కా" అన్నాడు. ఎన్నాళ్ళకో నన్ను పిలిచాడు. చేతులు తుడుచుకుంటూ గదిలోకి పరిగెత్తాను. మంచం మీద కూర్చుని పిట్ట తలదిండు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ దిండు గలీబు ఉతకనివ్వలేదు వాడు.

"దీన్ని ఒకసారి వాసన చూసి చెప్పవా? దాని వాసన ఉందా ఇంకా?" అన్నాడు.

తలదిండు తీసుకుని మొహానికి ఆనించుకున్నాను. పెట్రోలు. ఇంట్లో, మంచం మీద, ఆ పిల్ల తల పెట్టుకున్న చోట పెట్రోలు తప్ప ఇంకేమీ లేదు.

"ఉందిరా నాయనా" అన్నాను.

"ఎలా ఉంది?"

"దానిదే. తలనూనె వాసన."

"దానికి నూనె పడదక్కా. ఎప్పుడూ రాసుకోలేదు."

వాడు నా మొహంలోకి చూస్తూనే ఉన్నాడు.

"పెట్రోలేనా?" అన్నాడు.

"అవునురా" అన్నాను. ఇంకేం అబద్ధం చెప్పను?

వాడు నా చేతుల్లోంచి తలదిండు తీసుకుని, మొహం మొత్తం అందులో పెట్టి గట్టిగా ఊపిరి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. తల ఎత్తి, "పోనీ ఆ పెట్రోలైనా తెలియటం లేదక్కా" అన్నాడు.