తొమ్మిదో డిమాండు

హార్బరు పక్కన ఒక ప్రైవేటు యార్డులో నాది కాంట్రాక్టు స్వీపరు పని. సమ్మె నోటీసు ఇవ్వడానికి ఇంకా నాలుగు రోజులున్నాయనగా యూనియన్ సెక్రటరీ గారు డిమాండ్ల కాగితం నా చేతిలో పెట్టారు. గోదావరి జిల్లా మనిషి, మెత్తగా మాట్లాడతారు. "ఓసారి చదివి చూడండి చెల్లెమ్మా" అన్నారు. చదువుతూ చదువుతూ తొమ్మిదో డిమాండు దగ్గర ఆగిపోయాను. 'మురుగు పనికి అలవాటున్న కార్మికులకు సబ్బులు, గ్లౌజులు ఇవ్వాలి.'

అలవాటున్నవాళ్ళంటే మా కులంవాళ్ళం. కాలువ పూడుకుపోయినా, మరుగుదొడ్డి పొంగినా సూపర్‌వైజరు "అలవాటున్నోళ్ళని పిలవండి" అనేవాడు. కులం పేరు ఎత్తితే కేసవుతుందని అతనికి బాగా తెలుసు. సెక్రటరీ గారు పాపం మంచి చేస్తున్నాననుకునే రాశారు. అందుకే నాకు ఇంకా మండింది.

మల్కాపురంలో మా వీధిలో ఉన్న మా కులంవాళ్ళ హక్కుల సంఘంలో కూడా నేను సభ్యురాలినే. మా పెళ్ళిళ్ళకి కమ్యూనిటీ హాలు ఇవ్వడం కుదరదంటే ధర్నాకి కూర్చుని ఇప్పించింది ఆ సంఘమే. అక్కడివాళ్ళు "ఆ యూనియనోళ్ళకి నీ సీపురు కనపడతాది గానీ నువ్వు కనపడవు" అని ఎగతాళి చేసేవారు. యూనియన్లోనేమో కులం మాటెత్తితే జనం చీలిపోతారని భయం. రెండు చోట్లా చందా కట్టి, రెండు చోట్లా అనుమానపు చూపులు తెచ్చుకున్నది నేనే.

"ఇది తీసేసి, మురుగు పని అందరికీ వంతులవారీగా వెయ్యాలని రాయండి" అన్నాను. ఆయన కాగితం వెనక్కి తీసుకున్నారు.

"మీరన్నది నిజమేనండి. కానీ సమ్మె ముందర ఇది పెడితే సగంమంది జారిపోతారేమో. మీటింగులో మీరే చెప్పండి చెల్లెమ్మా."

అలా నా నెత్తిన పెట్టేశారు. మూడు రోజులు అన్నం సయించలేదు. సమ్మె నా వల్ల పాడైతే? నెలాఖరుకి గేటు పాసు మళ్ళీ ఇవ్వకపోతే? పాసు లేకపోతే పని లేనట్టే. ఇంకో భయం కూడా ఉంది, చెప్పుకోవడానికి సిగ్గు. మధ్యాహ్నం నా క్యారేజీలోంచి చేపల పులుసు వేసుకుని తినే మిగతా కులాల ఆడవాళ్ళు ఇక నా పక్కన కూర్చోరేమోనని. నిజం చెప్పాలంటే ఆ భయమే పెద్దది.

మీటింగు రోజు సాయంత్రం షెడ్డులో లేచి నిలబడ్డాను. ఎలాగో వంతుల మాట చెప్పాను. ముందు వరసలో మగాళ్ళు నేల చూపులు చూస్తున్నారు. వెనకనుంచి "వద్దు" అని వినిపించింది.

తిరిగి చూస్తే మా పిన్ని. అమ్మకి చెల్లెలు, ఇరవయ్యేళ్ళుగా కాలువ పనిలో ఉన్న మనిషి. నన్ను ఈ పనిలో పెట్టించింది కూడా ఆవిడే.

"ఆ పని అందరూ సేత్తే ఇంక నన్నెందుకు ఉంచుతారే? ఆ కంపు ఉంది కాబట్టే నా పాసు వత్తంది. నీకు నోరుంది, ఎక్కడైనా బతికేత్తావు. నాకేటుంది?"

అందరికీ జవాబులు సిద్ధం చేసుకుని వెళ్ళాను. అడ్డు చెప్పేది పిన్ని అవుతుందనుకోలేదు. సెక్రటరీ గారు పెన్ను పట్టుకుని నావైపు చూశారు. "రాయమంటారా, వద్దా?"

"రాయండి" అన్నాను. పిన్ని వైపు చూసే ధైర్యం లేక కాగితం వైపే చూస్తూ అన్నాను. ఒక్కొక్కటిగా చేతులు లేచాయి. అన్నీ కాదు, సరిపడా లేచాయి. పిన్ని చెయ్యి లేవలేదు.

సమ్మె దాకా వెళ్ళకుండానే కాంట్రాక్టరు ఒప్పుకున్నాడు. అందరూ స్వీట్లు పంచుకున్నారు. పిన్ని నాతో మాట్లాడటం మానేసింది. నెలాఖరున పాసులిచ్చే కిటికీ దగ్గర ఆవిడ వెనకే నిలబడ్డాను. గుమాస్తా కట్ట మొత్తం తిరగేశాడు, మళ్ళీ మొదటినుంచీ తిరగేశాడు. ఆవిడ పాసు రాకపోతే ఆ ఇంటికి నేనేం ముఖం పెట్టుకుని వెళ్ళాలి? చివరికి కిందనెక్కడో దొరికింది. పిన్ని తీసుకుని, నన్ను చూడకుండా వెళ్ళిపోయింది.

సోమవారం వంతుల లిస్టులో మా ఇద్దరికీ ఆఫీసు బిల్డింగు పడింది. ఇరవయ్యేళ్ళలో పిన్ని ఆ మెట్లెక్కలేదు. చీపురు పట్టుకుని గుమ్మం ముందే నిలబడిపోయింది.

"ఒలే" అంది. అన్నాళ్ళ తర్వాత నాతో అన్న మొదటి మాట. "సెప్పులు ఇక్కడ ఇప్పీయాలేటే?"

లోపల అందరి కాళ్ళకీ బూట్లున్నాయి.

"ఏసుకునే రా పిన్నీ" అన్నాను.

ఆవిడ నా మాట నమ్మలేదు. చెప్పులు విప్పి, గోడవారగా జతచేసి పెట్టి, వట్టికాళ్ళతో లోపలికి వెళ్ళింది.