మధ్యలో ఏమైందో చెప్పని మూడు సినిమాలు

మా మేనత్త పోయిందన్న కబురు నాకు కాకినాడలో, నేను పనిచేసే స్కూల్లో, పిల్లలకి ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ ఉండగా వచ్చింది. ఫోన్ చేసింది యానాం దగ్గర మా ఊరు అడవిపొలంలో మా పక్కింటావిడ. "టీ పెట్టి పిలిచానమ్మా, టీచరు గారు పలకలేదు," అంది. యానాం బస్సెక్కి కూర్చున్నాక కూడా నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ముందురోజే ఫోన్‌లో, మూడో సినిమా ఎలా ముగియాలో ఇన్నాళ్లకి తట్టింది, ఆదివారం వచ్చినప్పుడు చెబుతాను అంది. చెప్పకుండా పోయింది.

మనిషి పోతే సినిమాల గోలేమిటని మీకు అనిపించవచ్చు. అత్తని ఎరిగినవాళ్లెవరికీ అలా అనిపించదు. ఆకాశంలో ఓడలు తిరిగే ఇంగ్లీషు సినిమాలు మూడు పాతవి ఉన్నాయి. వాటిలో విలన్ ఒక సేనాధిపతి. ఊళ్లకి ఊళ్లు చీకటి చేసేస్తాడు, ఆఖరి సినిమాలో మారి చచ్చిపోతాడు. చాలా ఏళ్ల తర్వాత వాళ్లే మళ్లీ మూడు సినిమాలు తీశారు. అసలు ఈ సేనాధిపతి ఎలా చెడిపోయాడో చెబుతామన్నారు. తెలుగులోకి డబ్బింగు కూడా చేశారు. కొత్త మూడూ శుద్ధ దండగ. అత్త వాటిలో మెచ్చుకున్నది ఒక్కటే, "ఇంటర్వెల్లో సమోసా బాగుంది."

పాత మూడింటినీ ఆమెకి చూపించింది మా నాన్న, అంటే ఆమె తమ్ముడు. ఆమె కాకినాడలో టీచరు ట్రైనింగు చేస్తున్న రోజుల్లో యానాం నుంచి వెళ్లి మరీ థియేటరుకి తీసుకెళ్లేవాడట. తర్వాత గోదావరి మీద ఎదుర్లంక రేవులో పడవ నడుపుతున్నప్పుడు, ఎక్కే పిల్లల్ని నవ్వించడానికి ఆ సేనాధిపతిలా చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవాడు. వేరే పడవ ఖాళీగా ఉన్నా జనం ఆయన పడవ కోసం ఆగేవారు. ఆదివారం మా చర్చి సంఘంలో పాటల బృందానికి ముందు నిలబడేదీ ఆయనే. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే, పెళ్లి చేసుకోని మా అత్త మా ఇద్దరికీ వండిపెట్టింది.

ఇంకొకటి చెప్పాలి. మా సంఘంలో కుటుంబ ప్రార్థన అంటే ఎవరో ఒకరు లేచి సాక్ష్యం చెబుతారు. ఒకప్పుడు నేను ఘోరమైన పాపిని, ఒకరోజు ప్రభువు నన్ను ముట్టాడు, ఇప్పుడు బాగున్నాను అంటారు. అంతే, కూర్చుంటారు, అందరూ స్తోత్రం అంటారు. అత్త మాత్రం టీలు ఇచ్చేటప్పుడు ఆ మనిషి పక్కకి చేరి, "మొదలూ చివరా బాగా చెప్పావు బాబూ. మధ్యలో ఏమైంది?" అని అడిగేది. కొందరికి ఒళ్లు మండేది. ఒకాయన, పరీక్ష పేపరు దిద్దుతున్నారా టీచరు గారూ అని విసురుగా అని వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా మా అరుగు మీద కూర్చుని మధ్యలో ఏమైందో మధ్యాహ్నమంతా చెప్పాడు. అత్త బెండకాయలు తరుగుతూ విన్నది.

కొత్త వాటిలో మొదటిదానికి ముగ్గురం కాకినాడ వెళ్లాం. సేనాధిపతి పుట్టడంతో మొదలైంది. ముసలి జ్యోతిష్కులు ముగ్గురు ఉయ్యాల చుట్టూ మూగి, వీడు లోకాన్ని చీకటి చేస్తాడని చెప్పారు. తర్వాత సినిమా అంతా మాట్లాడే తాబేలు ఒకటి జారిపడుతూనే ఉంది. సినిమా చూసి బస్సెక్కితే దారిలో తాళ్లరేవు దాటేదాకా అత్త నోరు విప్పేది కాదు, అది ఆమె అలవాటు. ఆరోజు దాటగానే మొదలుపెట్టింది.

"పుట్టుకలో ఏముంటుందిరా? మంత్రసానినడుగు, అందరూ ఏడుస్తానే పుట్టారంటది. ఈ సినిమా మొత్తం తీసి గోదాట్లో పారెయ్యాలి. వాడు పెద్దోడై, నలుగురికీ కావలసినోడై ఉన్నప్పుడు మొదలెట్టాలి. వాడి ఓడ ఎక్కడానికి జనం వరస కట్టాలి. మనకి వాడంటే ఇష్టం పుట్టకపోతే, వాడు చెడితే మనకేటి, బాగుపడితే మనకేటి?"

"తాబేలునేం చేద్దామక్కా?" అన్నాడు నాన్న.

"పులుసు పెట్టెయ్," అంది. బస్సులో ముందు సీట్లవాళ్లు కూడా నవ్వారు. మేం ముగ్గురం కలిసి నవ్విన రోజుల్లో నాకు బాగా గుర్తున్నది అదే.

రెండోది వచ్చేసరికి ఎదుర్లంక వారధి తెరిచారు. నాన్న మాతో రాలేదు. సేనాధిపతి ఒక రాకుమార్తెతో కొండల మీద పాటలు పాడుకోవడం తప్ప ఆ సినిమాలో ఇంకేమీ జరగలేదు. అంత డబ్బు పోసి, అన్ని ఓడలు కట్టి, ఒక మనిషి ఎలా జారతాడో ఒక్క సీను రాసుకోలేకపోయారే అని నాకు ఇప్పటికీ మండుతుంది. వాళ్లు మా రేవుకి వచ్చి అడిగినా చెప్పేవాళ్లం.

అత్త చెప్పింది. "మొదటి తప్పు వాడంతట వాడు చెయ్యకూడదే. మంచోళ్లు అడగాలి. చేశాక భుజం తట్టాలి. ఆ తర్వాత వాడికి పని అదొక్కటే మిగలాలి." నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆమె చెబుతున్నది సినిమా ఒక్కదాని గురించే కాదని నాకు తెలుసు.

వారధి రాకముందు ఏడాది మా సంఘ పెద్ద ఒకాయన కొడుకు పెళ్లి అవతలి ఒడ్డున జరిగింది. యానాం పాండిచ్చేరి కిందది, ఇక్కడ మందు చవక, అవతల ఆంధ్రాలో ఖరీదు. దొంగచాటుగా దాటించడం నేరం. ఆ పెద్దమనిషి నాన్న దగ్గరికి వచ్చి, "మగపెళ్లివారి మర్యాద బాబూ, రెండు పెట్టెలు. నీ పడవనెవడు ఆపుతాడు, పాటలు పాడేవోడివి," అన్నాడు. నాన్న మొదట కుదరదన్నాడు, తర్వాత దాటించాడు. మరుసటి ఆదివారం ఆ పెద్ద నాన్న పేరెత్తి మరీ ప్రార్థన చేశాడు. ఇది నాకు చెప్పినప్పుడల్లా అత్త, "ఆ పెళ్లిలో నేనూ కడుపునిండా తిన్నానే," అని కలిపేది. ఆ ముక్క ఎప్పుడూ వదల్లేదు. వారధి వచ్చాక జనం బస్సుల్లో పోయారు. వారధి మీద చెక్‌పోస్టు ఉంది కనక సీసాలు మాత్రం పడవకే వచ్చాయి.

నాన్న ఆంధ్రా పోలీసులకి దొరికి జైలుకి వెళ్లాడు. విడుదలై వచ్చిన పొద్దున మా ఇంట్లో స్త్రీల ప్రార్థన కూడిక జరుగుతోంది. పాట మధ్యలో ఆయన సంచి పట్టుకుని గుమ్మం ముందుకి వచ్చాడు. ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. అత్త లేచి వెళ్లి, మెల్లగా, "మీటింగయ్యాక రా తమ్ముడూ," అంది. "సరే అక్కా," అన్నాడు. రాలేదు. అత్త అన్నం వడ్డించి మూతపెట్టి ఉంచింది, సాయంత్రం తీసి కోళ్లకి వేసింది.

ఆ తర్వాతే నాన్న సీసాల వ్యాపారుల మనిషైపోయాడు. తమ సరుకు దాటించనన్న మెట్టకూరు ఊరి పడవతన్ని మనుషుల్ని వెంటేసుకెళ్లి కొట్టాడు. అతని కుడి చెయ్యి ఈనాటికీ భుజం దాటి పైకి లేవదు. నేను మా నాన్నని వెనకేసుకు రావడం లేదు. ఆ చెయ్యి చూసినవాళ్లెవరూ వెనకేసుకు రాలేరు. క్రిస్మసుకి అత్త ముందుగా అతనింటికే కేకు తీసుకెళ్లేది. అతని భార్య కొన్నిసార్లు తీసుకునేది, కొన్నిసార్లు తలుపు తీసేది కాదు.

మూడో సినిమాకి అత్తా నేనూ వెళ్లాం. అందులో సేనాధిపతి గురువు చనిపోతాడు, వెంటనే వీడి కళ్లు ఎర్రబడతాయి, సొంత ఊరు తగలబెట్టేస్తాడు. అంతే, చెడిపోయాడు. ఇందుకా ఇన్నేళ్లు ఆగింది? ఆరోజు తాళ్లరేవు దాటినా అత్త మాట్లాడలేదు. ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, వంటింట్లో పీట మీద కూర్చున్నాక అంది.

"ఎర్ర కళ్లూ వద్దు, మంటలూ వద్దు. వాణ్ణి ఒక తలుపు బయట నిలబెట్టమను. లోపల పాట వినిపించాలి. ఆ పాట వాడికి వచ్చు. వాడి అక్క బయటికొచ్చి, తర్వాత రా అనాలి. చెడ్డది కాదు, మంచి మనిషే అనాలి."

"సినిమాలో వాడికి అక్క లేదు కదత్తా."

"అదే తప్పు. మూడు సినిమాలు చూశాం, వాడి కోసం ఎవరన్నా అన్నం మూతపెట్టారా? ఎవరూ లేనోడు చెడిపోతే అందులో ఏముంది?"

"ఆ అక్క వేషం ఎవరెయ్యాలి?"

"దానికి వెతుక్కోనక్కర్లేదులే," అని లేచి పొయ్యి వెలిగించింది.

తలుపు తర్వాత ఏం జరగాలో మాత్రం ఆమెకి కుదరలేదు. అన్నం తినేటప్పుడు ఒకటి చెప్పేది, బట్టలు మడతపెట్టేటప్పుడు దాన్ని కొట్టేసేది. వాడు తిరిగొస్తే అది పాత సినిమాల కథ, రాకపోతే మధ్యాహ్నం ఆటకి వచ్చినవాళ్లు ఏం పట్టుకుని ఇంటికెళ్తారు అనేది. ఏళ్లు గడిచాయి, నాన్న మళ్లీ మా గడప తొక్కలేదు.

ఇప్పుడు నా కోపం అసలు సంగతికి వస్తాను. అత్తని మట్టి చేశాక మా ఇంటి ముందు షామియానా వేసి ఆదరణ కూడిక పెట్టారు. మెట్టకూరు పడవతను కూడా వచ్చి, కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. పెళ్లికి సీసాలు దాటించమన్న ఆ సంఘ పెద్దే మైకు అందుకున్నాడు. "టీచరు గారు పరిశుద్ధురాలు. పుట్టుకతోనే దారితప్పిన తాగుబోతు తమ్ముణ్ణి కన్నీటి ప్రార్థనతో భరించిన తల్లి," అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు.

మళ్లీ అదే సినిమా. ఉయ్యాల, జ్యోతిష్కులు, ఎర్ర కళ్లు. మా అత్త బతుకంతా ఏ అబద్ధాన్ని దిద్దిందో దాన్నే ఆమె ఫోటో పక్కన నిలబడి చదివాడు. మధ్యలో ఏమైందో తెలిసిన మనిషి మట్టిలో ఉంది కనక ఇంక అడిగేవాళ్లు లేరనుకున్నాడు. నేను వెళ్లి మైకు తీసుకున్నాను.

"మా నాన్న పుట్టుకతో చెడ్డవాడు కాదండి. తాగుబోతూ కాదు, ఆయన జన్మలో చుక్క ముట్టలేదు. మొదటి రెండు పెట్టెలు ఎవరి ఇంటి పెళ్లికి దాటించాడో మీకు తెలుసు, నాకు తెలుసు. ఈ ముందు వరసలో కూర్చున్న ఆయన చెయ్యి విరిచిందీ మా నాన్నే. రెండూ నిజమే. ఒకటి చెప్పి ఒకటి దాచొద్దు."

"ఇది సమయం కాదమ్మా," అన్నాడు పెద్ద. "తర్వాత మాట్లాడుకుందాం."

"మా అత్త కూడా ఆ మాటే అందండి. తలుపు దగ్గర, మా నాన్నతో. అన్నానని చచ్చేదాకా తనే చెప్పుకుంది. మీరు ఆవిణ్ణి పరిశుద్ధురాల్ని చేసి ఆ సీను తీసెయ్యకండి. ఆవిడ ఒప్పుకోదు."

ఎవరూ స్తోత్రం అనలేదు. ఇబ్బంది కప్పెట్టడానికి కాబోలు, హార్మోనియం ముందున్నతను పాట ఎత్తుకున్నాడు. మైకు కింద పెడుతూ చూస్తే, షామియానా చివరి గుంజ దగ్గర నాన్న నిలబడి ఉన్నాడు. చెప్పులు చేతిలో పట్టుకున్నాడు. జుట్టు చాలా నెరిసింది. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు.

నేను ప్రేమతో వెళ్లలేదు. కోపంతోనే గబగబా వెళ్లి, "లోపలికి రా. ఇప్పుడే. అన్నం ఉంది," అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. ముందు వరస వైపు చూశాడు. "ఆయన లేచి వెళ్లాక వస్తానమ్మా. ఆయన ఎదురుగా ఎలా కూర్చోను?" అన్నాడు. పక్కనే నిలబడ్డాను.

అత్త ఆదివారం చెబుతానన్న ముగింపు ఏమిటో నాకు ఇక తెలియదు. నా చేతికిస్తే మాత్రం మూడో సినిమాని ఇక్కడ ఆపుతాను. హార్మోనియం అతను ఎత్తుకున్న ఆ పాటలో చరణానికీ పల్లవికీ మధ్య ఒక్కరే పాడే వరస ఒకటి ఉంది. ఒకప్పుడు అది నాన్నది. ఆయన వెళ్లిపోయాక సంఘంలో ఎవరూ దాన్ని తీసుకోలేదు. ఆ వరస వచ్చింది. అందరూ అలవాటుగా ఆగారు, హార్మోనియం ఒక్కటే మాటలు లేకుండా వాయించుకుంటూ పోయింది. ముందు వరసలో మెట్టకూరు పడవతను తల కొంచెం పక్కకి తిప్పాడు. నాన్న నోరు తెరవలేదు. చెప్పులున్న చెయ్యి కిందికి వేలాడుతోంది, రెండో చేతి వేలు గుంజ మీద ఆ వరస అయిపోయేదాకా తాళం వేస్తూనే ఉంది.