సబ్బు ఇంజనీరు

ఇప్పుడంటే మనిషి గాల్లోకి లేస్తే మిగతాదంతా కంప్యూటరు చూసుకుంటోంది గానీ, ఆ రోజుల్లో హీరో ఎగరాలంటే తాడు కావాలి, తాడు లాగే మనుషులు కావాలి, అన్నిటికన్నా ముందు మంచి ముహూర్తం కావాలి. అప్పట్లో నేను యూసుఫ్‌గూడలో ఓ గదిలో ఉంటూ పిల్లల పత్రికకి బొమ్మల కథ గీసేవాణ్ణి. నా కథానాయకుడు యంత్రవీర. పగలు కరెంటాఫీసులో ఇంజనీరు. సాయంత్రమైతే టేబుల్ ఫ్యాను రెక్కలతో తను కనిపెట్టిన యంత్రాన్ని వీపుకి కట్టుకుని, గాజు హెల్మెట్టు పెట్టుకుని దుర్మార్గుల మీదికి ఎగిరేవాడు. (ఇంటర్లో నేను లెక్కలు తప్పాను. ఆ కసి కొద్దీ వాడిచేత అన్ని లెక్కలూ చేయించేవాణ్ణి.) వాడంటే నాకు ప్రాణం. జూబ్లీ హిల్స్ నిర్మాత ఒకాయన "మీ ఇంజనీరుతో సినిమా తీస్తాం" అని కబురు పెడితే, ఆ కొండ ఎక్కుతున్నప్పుడు నా కాళ్ళు నేలమీద లేవు.

కథాచర్చల్లో మొదటిరోజే దర్శకుడుగారు "హీరో కూర్చుని ఆలోచిస్తుంటే జనం సిగరెట్టుకి లేచిపోతారయ్యా" అని యంత్రం కనిపెట్టే సీను తీసేశారు. మరి యంత్రం ఎలా వచ్చిందంటే, తండ్రి చనిపోతూ ఇచ్చాడట. తర్వాత ఉద్యోగం ఊడింది. ఆఫీసుకి పోతే హీరోయిన్ని ఎప్పుడు ఏడిపిస్తాడు? చివరికి నావాడికి మిగిలింది హెల్మెట్టు ఒక్కటే. అది కూడా పోతే తెరమీద ఎగిరేది నా యంత్రవీర కాదు, తాడుకి వేలాడే ఎవరో పెద్దమనిషి. అందుకని దాన్ని వదిలేది లేదని భీష్మించుక్కూర్చున్నాను.

ఫిలింనగర్లో ట్రయల్ చూశారు. హీరోగారు హెల్మెట్టు పెట్టుకుని ఒక్క డైలాగు చెప్పారో లేదో, గాజంతా ఆవిరి పట్టేసింది. దండ పట్టుకొచ్చిన అభిమాన సంఘం అధ్యక్షుడు గుండె బాదుకున్నాడు.

"గిదేంది సార్! మా అన్న మొఖమే కనవడ్తలేదు. రేపు కటౌటుకు ఎవరనుకొని పాలు పొయ్యాలె మేము?"

నిర్మాతగారి మొహం పాలిపోయింది. దర్శకుడుగారు నావైపు తిరిగారు.

"ఏవయ్యా ఇంజనీరూ, రేపు షాటు టైముకి ఆవిరి పోవాలి. లేకపోతే హెల్మెట్టే పోతుంది."

"నేను ఇంజనీర్ని కాదండీ, బొమ్మలు గీస్తానంతే."

"ఇంజనీర్నే పుట్టించినవాడివి, ఈమాత్రం చేతకాదా?"

గదికొచ్చి గడ్డం గీసుకునే అద్దం ముందు దిగాలుగా కూర్చుంటే తట్టింది. అద్దానికి పొడిసబ్బు రుద్దితే ఆవిరి పట్టదు. కొంచెం రుద్దితే సరిపోయేది. నా ప్రేమకొద్దీ, వెంట తెచ్చుకున్న హెల్మెట్టు గాజు లోపలంతా సబ్బు సగమయ్యేదాకా రుద్దాను.

మర్నాడు హీరోగారు గాల్లోకి లేచారు. గాజు తళతళ మెరిసిపోతోంది. అధ్యక్షుడు ఈల వేశాడు. నా ఛాతీ ఇంతైంది. అంతలో లైట్ల వేడికి ఆయనకి చెమట పట్టింది, చెమటకి సబ్బు కరిగింది, కరిగి కళ్ళలోకి దిగింది. తుడుచుకుందామంటే గాజు అడ్డం. "వస్తున్నానురా!" అని గర్జించాల్సినవారు "అమ్మా!" అని కేకపెట్టి భోరుమన్నారు. నేను గభాలున ట్రాలీ వెనక నక్కాను.

దర్శకుడుగారు కళ్ళొత్తుకుంటూ లేచారు. "అద్భుతం! ఇన్నేళ్ళుగా ఎన్ని సీసాల గ్లిజరిన్ పోసినా రాని ఏడుపు!" కిందికి దిగిన హీరోగారు, నన్ను నిలబెట్టి తిట్టాల్సిన మనిషి, ఎర్రటి కళ్ళతో "క్యారెక్టర్లోకి వెళ్ళిపోయానండీ" అన్నారు. అక్కడికక్కడే తండ్రి ఇచ్చిన యంత్రం తల్లి ఇచ్చినదైపోయింది. నేను ఊపిరి పీల్చుకుని బయటికొచ్చేసరికి దర్శకుడుగారి రెండో మాట వినపడింది.

"ఇంత ఏడుపుని గాజు వెనక దాచడం పాపం. హెల్మెట్టు తీసేయండి."

సినిమా పొడుగునా ఆ హెల్మెట్టు, స్కూటరు దిగిన మనిషికిలా, హీరోగారి చంకలోనే ఉంది. ఏడుపు సీనొచ్చినప్పుడల్లా "సబ్బు ఇంజనీర్ని పిలవండి" అనేవారు. నేను వెళ్ళి ఆయన చేతిరుమాలుకి సబ్బు రాసి వచ్చేవాణ్ణి. ఇంజనీరు కథ అని మొదలుపెట్టిన సినిమాలో ఎవరైనా ఏదైనా కనిపెట్టారంటే అది నేనే, అదీ ఆ సబ్బే. యంత్రవీర బొమ్మ మళ్ళీ గీయబుద్ధి కాలేదు.

ఇప్పటికీ స్నానం చేస్తుంటే కళ్ళలో సబ్బు పడుతుంది. చంకలో బొమ్మల కట్టతో ఆ కొండ ఎక్కుతున్న కుర్రాడు కనిపిస్తాడు. పిచ్చివాడు, ఎంత సంబరంగా ఎక్కాడో అని నవ్వొస్తుంది. బయటికొస్తే మా ఆవిడ "ఏంటండీ, కళ్ళు అంత ఎర్రగా ఉన్నాయి?" అంటుంది. సబ్బే అంటాను. చాలావరకు నిజమే.